ముప్పై ఒకటో నంబరు డిస్కు

మా ఫ్యాక్టరీ ప్రాణం పోయిందని మాకు మా మేనేజరు చెప్పలేదు. క్యాంటీన్‌లో టీవీ చెప్పింది.

మంగళవారం పొద్దున, టీ టైము. గ్లాసు నోటి దాకా తెచ్చుకున్నాను. టీవీలో టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన కాగితం చూసి చదువుతున్నాడు. మా ఎర్ర డబ్బా డిస్కుని కనిపెట్టిన కంపెనీలో పెద్ద తలకాయ ఆయన. ఇకమీదట ఆ డిస్కులు తయారు చెయ్యరట. వాటిని ఆడించే ప్లేయర్లూ తయారు చెయ్యరట. ఇంతకాలం ఆదరించినందుకు కృతజ్ఞతలట. చదవడానికి ఒక్క నిమిషం పట్టలేదు. ఆ వెంటనే వాతావరణ వార్తలు మొదలయ్యాయి.

ఎనభై మందిమి ఉన్నాం అక్కడ. మొదట నోరు విప్పింది ప్యాకింగ్ అక్క.

"ఇంకో ఛానల్ పెట్టండి. అందులో వేరేలా చెప్తారేమో" అంది.

పెట్టారు. అందులోనూ అదే పెద్దమనిషి, అదే కాగితం, అదే టై. నా చేతిలో టీ చల్లారిపోయి మీద మీగడ కట్టింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే లైను ఇంకా నడుస్తోంది, మిషన్లు నాలుగు సెకన్లకో డిస్కు కక్కుతూనే ఉన్నాయి. వాటికెవరు చెప్పాలి?

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇంట్లో కూర్చుని సినిమాని ఇంకా స్పష్టంగా చూడ్డానికని మూడేళ్ళ కింద రెండు రకాల కొత్త డిస్కులు వచ్చాయి. ఒకటి ఎర్ర డబ్బాలో, ఒకటి నీలం డబ్బాలో. చూడ్డానికి రెండూ కవల పిల్లలే, కానీ దాని ప్లేయర్‌లో ఇది ఆడదు, దీని ప్లేయర్‌లో అది ఆడదు. సినిమా కంపెనీలు సగం అటు, సగం ఇటు చేరాయి. జనం ఏది కొనాలో తెలియక రెండూ కొనడం మానేశారు. మేం ఎర్ర డబ్బా వాళ్ళం. మా ఆయన స్కూటర్ మెకానిక్, డిస్కుల గొడవ ఆయనకి అక్కర్లేదు, అయినా నన్ను ఏడిపించడానికి నీలం పక్షం అయిపోయాడు. అన్నం తింటూ ఒకళ్ళనొకళ్ళం ఓడించుకునేవాళ్ళం. అదంతా సరదా అనుకున్నాను. నిజంగా ఒకరోజు ఒకళ్ళు ఓడిపోతారని, అది మేమే అవుతామని కలలో కూడా అనుకోలేదు.

ఫ్యాక్టరీలో నన్ను అందరూ 'కన్ను' అంటారు. నా పని చూడడం. చీకటి గదిలో ఆరు టీవీలు, వాటి ముందు నేను. డిస్కులో ఎక్కడైనా మచ్చ పడిందా, బొమ్మ వణికిందా, రంగు కారిందా, కళ్ళు కాయలు కాచేలా చూడాలి. శబ్దం ఉండదు. ఆరు సినిమాలు ఒకేసారి అరిస్తే మనిషికి పిచ్చెక్కుతుంది. శబ్దం సంగతి పక్కగదిలో పెద్దాయన చూసుకుంటాడు. ఆయన్ని 'చెవి' అంటారు, నేను మాత్రం మర్యాదగా 'చెవిగారు' అంటాను. ఆయన గదికి కిటికీ లేదు, టీవీ లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటాడు. గదిలోంచి బయటికొస్తే చాలు, చెవులు పాడవకుండా రెండింట్లోనూ దూది కుక్కుకుంటాడు. అందుకే ఆయనతో మాట్లాడాలంటే సైగలే. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు వాన పడుతుందని ప్యాకింగ్ అక్క అనేది.

మమ్మల్నిద్దర్నీ ఇలా విడదీసింది మా మొదటి ఇంజనీరు. "బొమ్మా మాటా కలిస్తే కథవుతుంది. కథలో పడ్డారో, ఇక మీకు మచ్చ కనపడదు, గరగర వినపడదు. మీకు కథ వద్దు" అన్నాడు చేరిన రోజే. ఆ మహానుభావుడు ఏడాది తిరక్కుండా నీలం డబ్బా వాళ్ళలోకి దూకేశాడు. కానీ ఆయన పెట్టిన పద్ధతులు చివరి దాకా అలాగే నడిచాయి.

అందులో ఒక పద్ధతి గురించి చెప్పకపోతే మీకేమీ అర్థం కాదు. కొత్త సినిమా అచ్చు వేసే ముందు లైను సరిగ్గా ఉందో లేదో వేరే డిస్కుతో పరీక్షించాలి. సినిమా కంపెనీలకి దొంగల భయం, వాళ్ళ బొమ్మతో పరీక్షలు చెయ్యడానికి ఒప్పుకోరు. అందుకని మా ఇళ్ళలో తీసుకున్న వీడియో టేపులే తెచ్చిమ్మన్నాడు ఇంజనీరు. సన్న గళ్ళ చొక్కా కావాలి, ఎందుకంటే గళ్ళు వణికితే లైను బాగాలేదని తెలుస్తుంది. గాలికి కొట్టుకునే బట్టలు కావాలి. గుసగుస నుంచి కేక దాకా వెళ్ళే గొంతు కావాలి. ఎవరు తెచ్చిన టేపు ఏదో ఆయనకే తెలుసు. మాకు నంబర్లే. ముప్పై ఒకటి, ముప్పై రెండు, అలా.

ముప్పై ఒకటిలో ఉన్నది మా నాన్న.

మా నాన్న టోకు కూరగాయల మార్కెట్లో వేలం పాడేవాడు. ముప్పై ఐదేళ్ళు పాడాడు. మైకు ముట్టుకోలేదు. ఆయన గొంతెత్తితే మార్కెట్ గేటు బయట రిక్షావాళ్ళు కూడా ఏ బస్తా ఎవరికి పోయిందో చెప్పేవాళ్ళు. అలాంటి గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక తీసేస్తే మనిషి దక్కుతాడు, లేకపోతే లేదన్నారు డాక్టర్లు. నాకప్పుడు ఎనిమిదో నెల. ఆపరేషన్‌కి ముందురోజు మా ఆయన స్నేహితుడి కెమెరా తెప్పించుకుని, నన్ను చెవులు మూసుకోమని చెప్పి, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు నాన్న. బయటికొచ్చి టేపు నా చేతిలో పెట్టాడు.

"పుట్టేది మాట వినే వయసుకొచ్చాక దానికి వినిపించు. దానికంటే ముందు నువ్వు విన్నావో, ఊరుకోను" అన్నాడు.

నాతో ఆయన నోటితో అన్న ఆఖరి మాటలవి. ఇప్పుడు గొంతు మీద చిన్న రంధ్రం, దాని మీద రుమాలు, జేబులో రాసుకునే పుస్తకం.

ఆ టేపు నేను వినలేదు. కానీ చూడొద్దని నాన్న అనలేదుగా! పైగా నాన్న ఆరోజు వేసుకున్నది సన్న గళ్ళ చొక్కా. తీసుకెళ్ళి ఇంజనీరు చేతిలో పెట్టాను. మా ఫ్యాక్టరీ గోడ మీద 'వందేళ్ళు చెక్కుచెదరదు' అని పెద్ద బోర్డు ఉండేది. టేపు సాగుతుంది, బూజు పడుతుంది. డిస్కయితే వందేళ్ళు! ఆ రోజు నుంచి మూడేళ్ళు రోజూ చూశాను మా నాన్నని. రెండుసార్లు దగ్గుతాడు, చేతులు చాపుతాడు, నోరు బార్లా తెరుస్తాడు, తర్వాత ముందుకి వంగి చిన్నగా ఏదో అంటాడు. చివర్లో బల్ల మీదికి చెయ్యెత్తి, కొట్టకుండా అలాగే ఆగిపోతాడు. ఎందుకాగిపోయావు నాన్నా అని ఇంటికొచ్చి అడిగితే, పుస్తకంలో 'సరుకు విప్పకముందే అడక్కు' అని రాసి చూపించి నవ్వేవాడు.

ఇంజనీరు టేపు తిరిగిచ్చాడు. నాకు కూతురు పుట్టింది. మొదటిసారి నీళ్ళు పోస్తున్నప్పుడు వీడియో తీద్దామంటే ఇంట్లో ఖాళీ టేపు లేదు. నాన్న డిస్కులో భద్రంగా ఉన్నాడు కదా అని ఆ టేపు మీదే తీసేశాం. ఈ మాట చెప్పాలంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా కూతురి ముద్దుపేరు పిడుగు. మూడేళ్ళు నిండాయి. అదీ వాళ్ళ తాతా ఆడుకునే ఆట ఒకటే. ఆఖరి బిస్కెట్ ఉందనుకోండి, నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని ఒక వేలు చూపిస్తాడు. రెండో వేలు చూపిస్తాడు. చుట్టూ చూస్తాడు. అది "మూడోసారి!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది. ఆయన బల్ల మీద చరుస్తాడు. బిస్కెట్ దానిది. ఒకరోజు అది "తాతకి మాట లేదేం?" అని అడిగితే, "తాత మాట మా ఫ్యాక్టరీలో దాచాం, నువ్వు పెద్దయ్యాక తెస్తా" అన్నాను. ఇక చూడండి, సాయంత్రం నేను గడప తొక్కితే చాలు, "తాత మాట తెచ్చావా?" అని సంచి వెతికేది.

ఇప్పుడు ఫ్యాక్టరీయే పోతోంది. ఉద్యోగం సంగతి తర్వాత. ఆ మంగళవారం చల్లారిన టీ ముందు కూర్చుని నేను ఆలోచించింది ఒక్కటే, ముప్పై ఒకటి బయటికెలా తేవాలని.

శుక్రవారం నాటికి ఆర్డరొచ్చింది. ఉన్న డిస్కులన్నీ, అచ్చులన్నీ ముక్కలు చెయ్యాలి. పరీక్ష డిస్కులు కూడా. ఒక్కటి గేటు దాటడానికి వీల్లేదు. నేను మేనేజరు గదిలోకి వెళ్ళి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "అందులో ఉన్నది మా ఇళ్ళ వీడియోలండీ! మీ సినిమా హీరోలెవరూ లేరు. మా నాన్నని క్రషర్లో వేస్తానంటే ఊరుకుంటానా?" అని అరిచాను. ఆయనకీ సోమవారం నుంచి ఉద్యోగం లేదు, నాతో పోట్లాడే ఓపిక కూడా లేదు. "తలొకటి తీసుకోండి. ఒక్కటే. గేటు దగ్గర లెక్క చూస్తారు" అన్నాడు.

ముప్పై ఒకటి పెట్టె తెరిచి పైనున్న డిస్కు తీసుకుని గుండెలకి హత్తుకున్నాను. పక్కకి చూస్తే చెవిగారు కూడా అదే పెట్టెలోంచి ఒకటి తీసుకుంటున్నాడు.

"అదేంటండీ, మా నాన్న మీకెందుకు?" అని అడిగాను.

చెవుల్లో దూది, పైగా క్రషర్ హోరు. ఆయనకేం వినపడిందో, డిస్కుని చేత్తో నిమిరి, కళ్ళు తుడుచుకుని తలూపాడు. మూడేళ్ళు విన్నాడు కదా, మా నాన్న గొంతంటే పాపం ఎంత అభిమానమో అనుకున్నాను. నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను.

మిగతా పెట్టెలు క్రషర్లో పొయ్యడం మా ఇద్దరి వంతు. ముప్పై రెండు పెట్టె నేనే ఎత్తాను. దాంట్లో ఒక ఇల్లాలు ఉండేది. దండెం మీద దుప్పట్లు ఆరేస్తూ, గాలితో కుస్తీ పడుతూ, క్లిప్పు పళ్ళతో కరిచి పట్టుకుని, మధ్యమధ్య కెమెరా వైపు తిరిగి ఎవర్నో దులిపేస్తూ ఉండేది. ఎవరి మనిషో తెలియదు. మూడేళ్ళు రోజూ చూస్తే పరాయివాళ్ళు కూడా అయినవాళ్ళయిపోతారు. "ఇక సెలవమ్మా" అని చెప్పి మరీ పోశాను. పటపటమని విరిగిపోయాయి. బస్తాలకెత్తేశారు.

శనివారం మా ఆయన స్కూటర్ వెనక తాడుతో కట్టుకుని రెండు ఎర్ర ప్లేయర్లు తెచ్చాడు. మూడేళ్ళుగా కొనలేక షాపు అద్దంలోంచి చూసి వచ్చేసేవాళ్ళం. ఇప్పుడు షాపు గుమ్మంలోనే గుట్టపోసి పెట్టారట.

"ఒకటి తీసుకుంటే ఇంకోటి ఊరికే ఇచ్చారు. మూడోది కూడా అంటగట్టబోతే పారిపోయొచ్చా" అన్నాడు. నా మొహం చూసి, "మీ డిస్కు ఓడిపోయిందని కాదులే, మన మావయ్య మాట వినడానికి" అని సర్దుకున్నాడు.

ఆదివారం పొద్దున నాన్న గడ్డం గీసుకుని తయారయ్యాడు. బీరువా అడుగు నుంచి ఆ గళ్ళ చొక్కానే తీసి వేసుకున్నాడు. మెడ దగ్గర వదులైపోయింది. పిడుగుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. దానికి సంతోషం పట్టలేక కాళ్ళు ఆడిస్తూనే ఉంది. నేను డిస్కు పెట్టి, మూడేళ్ళలో మొదటిసారి శబ్దం పెంచాను.

తెర మీద నాన్న. రెండుసార్లు దగ్గాడు. దగ్గు వినపడలేదు. చేతులు చాపాడు. నోరు తెరిచాడు.

"ఎంతసేపండీ ఆ డబ్బా పట్టుకుని నిలబడతారు? బకెట్ ఇటు జరపండి! గాలి ఎలా వేస్తోందో చూడండి, దుప్పట్లన్నీ మట్టిపాలు..."

ఆడగొంతు.

రిమోట్ చేతిలోంచి జారి కింద పడింది. తెర మీద మా నాన్న చేతులు తిప్పుతూ, మెడ నరాలు ఉబ్బేలా కేక పెడుతున్నాడు. లోపల్నుంచి ఎవరో ఆవిడ, "క్లిప్పులేవీ? అడిగిన వస్తువు ఒక్కటి అందించరు కదా!" అని దులిపేస్తోంది.

పిడుగు మొదట కిలకిలా నవ్వింది. తర్వాత తాత మొహం చూసి ఆగిపోయింది.

"అమ్మా, తాత మాట ఇదా?" అంది.

మా ఆయన వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు. రెండో ప్లేయర్ బిగించాడు. అందులోనూ ఆవిడే, బకెట్టే. నాన్న జేబులోంచి పుస్తకం తీసి, రాసి నాకిచ్చాడు. 'ఈవిడెవరు?'

ఆ మాట చదివి నేను చెప్పులేసుకుని బయటపడ్డాను. ఎక్కడికని మా ఆయన అడుగుతున్నా ఆగలేదు. చెవిగారి ఇల్లు నాలుగు బస్టాపుల అవతల. బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే ఆలోచన. మూడేళ్ళు! రోజుకి ఎనిమిది గంటలు! నా పేరే కన్ను, చూసిందే చూశాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పక్కగదిలోకి వెళ్ళి వినాలని తోచలేదే నాకు! నాన్నకిచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానని మురిసిపోయాను.

ఆయన ఉండేది రెండో అంతస్తు. మెట్లెక్కుతుంటే మొదటి మలుపులోనే వినపడింది.

"ఎంతసేపండీ ఆ డబ్బా పట్టుకుని నిలబడతారు?"

గోడ పట్టుకుని మిగతా మెట్లెక్కాను. తలుపు బార్లా తీసే ఉంది. చెవిగారు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. టీవీ లేదు. ఎర్ర ప్లేయర్‌ని పాత స్పీకర్‌కి తగిలించుకున్నాడు. చెవుల్లో దూది లేకుండా ఆయన్ని బయట చూడ్డం నాకదే మొదటిసారి.

"ఆవిడెవరండీ?" అన్నాను గుమ్మంలోంచే.

కళ్ళు తెరిచాడు. "మా ఆవిడమ్మా. పోయి ఐదేళ్ళయింది. ఇంజనీరుకి నేనిచ్చిన టేపు ఇదే. లోపలికి రా, కూర్చో."

కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనేమోనని భయం. "ముప్పై రెండులో మీకేం వినపడేది?"

"ముప్పై రెండా? ఎవరో పెద్దాయన. వేలం పాడతాడు. అబ్బ, ఏం గొంతమ్మా అది! ఎందుకలా ఉన్నావు, ఏమైంది?"

అప్పుడు కూర్చున్నాను, గుమ్మంలోనే, నేల మీద. బొమ్మా మాటా కలవనివ్వనని ఇంజనీరు అన్నది మా గదుల గురించే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు, డిస్కులోనే కలవనివ్వలేదు. మా నాన్న బొమ్మకి ఈయన భార్య గొంతు, ఈయన భార్య బొమ్మకి మా నాన్న గొంతు పెట్టి పారేశాడు. ఆ సంగతి నాకూ చెప్పలేదు, ఈయనకీ చెప్పలేదు.

"ఆవిడ క్లిప్పు పళ్ళతో కరిచి పట్టుకునేవారా?" అని అడిగాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "నీకెలా తెలుసు?"

"మూడేళ్ళు చూశానండీ. ముప్పై రెండులో. శుక్రవారం నా చేతుల్తో నేనే క్రషర్లో పోశాను. ఆ గొంతు మా నాన్నదండీ. మా నాన్నది!"

స్పీకర్‌లో ఆవిడ ఇంకా దుప్పట్ల గురించి మాట్లాడుతూనే ఉంది. ఆయన ఆపలేదు, నేనూ ఆపమనలేదు. టేపు ఉందా అని అడిగాను. పాతబడి తెగిపోతే పారేశానన్నాడు. నీ దగ్గర ఉందా అని ఆయనడిగాడు. లేచి నిలబడి, దాని మీద ఏం తీశానో చెప్పాను. అటూ ఇటూ చూసుకుని నిలబడ్డాం ఇద్దరం, ఇల్లు కాలిపోయాక నిలబడ్డట్టు.

ఆయనే అన్నాడు. "మొహానికి నా దగ్గర ఫోటోలున్నాయమ్మా. మీ నాన్నగారి గొంతుకి ఏముంది?"

"ఏమీ లేదు."

బల్ల మీదున్న దూది చెవుల్లో పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు. చెప్పులేసుకున్నాడు. "పద" అన్నాడు.

బస్సులో నా పక్కన కూర్చుని మొహం అటు తిప్పుకునే అడిగాడు. "క్లిప్పు పళ్ళతో పట్టుకున్నాక ఏం చేసేది?" చెప్పాను. ఎడమ చేత్తో దుప్పటి లాగి పట్టుకునేదని, ఒకసారి అది ఆవిడ మొహం మీదికే ఎగిరితే లోపల్నుంచి కూడా తిడుతున్నట్టు గుడ్డ కదిలేదని, ఆఖర్న బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని కెమెరా వైపు చూసి నవ్వేసేదని. నాలుగు స్టాపులూ చెబుతూనే ఉన్నాను. నవ్విందని చెప్పినప్పుడు మాత్రం ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఇంట్లో అందరూ నేను వదిలినచోటే ఉన్నారు. పిడుగు తాత ఒళ్ళోంచి దిగలేదు. నేను జరిగిందంతా చెప్పాను. నాన్న విని తలవంచుకున్నాడు. చెవిగారు ఆయన ఎదురుగా నిలబడి, పెద్ద ఆఫీసరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు.

"అన్నగారూ, మీ మొహం చూడ్డం ఇదే మొదటిసారి. మీరు ఏ మాటకి ఊపిరి పీలుస్తారో కూడా నాకు తెలుసు" అన్నాడు. తర్వాత నాతో, "డిస్కు పెట్టమ్మా. శబ్దం తీసెయ్యి" అన్నాడు.

పెట్టాను. ఆయన తెర వైపు చూడలేదు. అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. రెండుసార్లు దగ్గాడు. తెర మీద నాన్న కూడా సరిగ్గా అప్పుడే దగ్గాడు.

"రండి, రండి, రండి! వెనకున్నవాళ్ళు ముందుకి! ముందున్నవాళ్ళు కింద కూర్చోండి!"

నేను వెనక్కి తూలి గోడకి కొట్టుకున్నాను. రోజుకి పది మాటలు మాట్లాడని మనిషి. ఆ కేకకి కిటికీ అద్దాలు అదిరాయి. వీధిలో ఎవరో ఆగి పైకి చూశారు. చెవిగారి గొంతే, కానీ ఆ సాగదీత నాన్నది, ఆ విరుపు నాన్నది, 'రండి'లో చివర ఆ ఎత్తుకోడం నాన్నది. చిన్నప్పుడు మార్కెట్లో బస్తాల మీద కూర్చుని నేను విన్నది అదే. నాన్న పిడుగుని దించి, కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు.

"ఇవాళ సరుకు ఒక్కటే! కూర కాదు, కాయ కాదు. గొంతు! ముప్పై ఐదేళ్ళు వాడింది, ఒక్కరోజు సెలవు పెట్టలేదు! దీంతోనే తిట్టాను, దీంతోనే బుజ్జగించాను. మా అమ్మాయి చిన్నప్పుడు నిద్రపోనని ఏడిస్తే, వంకాయలూ బెండకాయలూ పాడి దీంతోనే పడుకోబెట్టాను. రేపు పొద్దున ఎనిమిదింటికి కొట్టు కట్టేస్తున్నాం! మళ్ళీ దొరకదు!"

తెర మీద నాన్న ముందుకి వంగాడు. చెవిగారి గొంతు గుసగుసలోకి దిగింది.

"ఏయ్, లోపలున్నదానా. వినపడుతోందా? మీ అమ్మ కడుపులోంచి నువ్వు వినాలనే ఇందాకటి దాకా అరిచాను. వీళ్ళెవరికీ ఇవ్వనులే. నీకే. ఒకటోసారి..."

మూడేళ్ళు చూశాను ఆ పెదాలు కదలడం.

"రెండోసారి..."

ఆగిపోయాడు. తెర మీద నాన్న చెయ్యెత్తి అలాగే ఉన్నాడు. చెవిగారు కళ్ళు తెరిచి తన మామూలు గొంతుతో, "ఇంతేనమ్మా. దీని తర్వాత పదకొండు సెకన్లు ఊపిరి మాత్రం వినపడుతుంది. మూడోసారి అంటాడేమోనని రోజూ ఎదురుచూసేవాణ్ణి. అనలేదు" అన్నాడు.

"మూడోసారి!"

ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది పిడుగు.

నాన్న బల్ల మీద ఫట్‌మని చరిచాడు. తెర మీద చెయ్యి పైనే ఉండిపోయింది, ఆయన చెయ్యి కిందికొచ్చింది. ఆ చెయ్యి దేనికోసం ఆగిందో నాకప్పుడు తెలిసింది. నోట్లో కొంగు కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. మా ఆయన తల తిప్పుకుని ప్లేయర్ వైర్లు సర్దుతున్నాడు, అవి సరిగ్గానే ఉన్నా.

నాన్న కూర్చుని జేబులోంచి పుస్తకం తీశాడు. మార్కెట్లో వేలం ముగిశాక కొన్నవాళ్ళకి చీటీ రాసిచ్చేవాడు ఎప్పుడూ. అలాగే గీతలు కొట్టి, నిదానంగా రాసి, కింద సంతకం చేసి, కాగితం చింపాడు. పిడుగు చెయ్యి చాపింది. దానికివ్వలేదు. చెవిగారికిచ్చాడు. ఆయన భుజం మీదుగా నేనూ చదివాను.

'సరుకు: గొంతు ఒకటి. కొన్నవారు: పిడుగు. సరుకు చెవిగారి దగ్గర ఉన్నది. అడిగినప్పుడల్లా ఇవ్వవలెను.'

చెవిగారు దాన్ని రెండుసార్లు చదివాడు. మడిచి చొక్కా జేబులో, దూది పక్కన పెట్టుకున్నాడు. పిడుగు వచ్చి ఆయన వేలు పట్టుకుని లాగింది.

"తాత మాట ఇంకోసారి" అంది.